‘మా పట్టణాలను తగలబెట్టాడు’: ఆ వాక్యం వెనుక ఉన్న ఊళ్ళ లెక్క

సంపాదకులకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు నిండిన సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసాలను, వాటితో పాటు ఇచ్చిన ప్రకటన పాఠం తెలుగు అనువాదాన్ని రెండుసార్లు చదివాను. అనువాదం చక్కగా ఉంది. మూడో జార్జి రాజు మీద మోపిన అభియోగాల వరుసలో ‘మా సముద్రాలను దోచాడు, మా తీరాలను పాడుచేశాడు, మా పట్టణాలను తగలబెట్టాడు, మా ప్రజల ప్రాణాలు తీశాడు’ అనే వాక్యం ఒకటి ఉంది. ఆ పట్టణాలు ఏవో, వాటిని ఎవరు ఎందుకు తగలబెట్టారో, ఇళ్ళు కాలిపోయినవాళ్ళ గతి ఆ తర్వాత ఏమైందో పన్నెండు పేజీల అనుబంధంలో ఎక్కడా ఒక్క ముక్క లేదు. లెక్సింగ్టన్‌కూ సారటోగాకూ యార్క్‌టౌన్‌కూ పటాలు వేసి మరీ వివరించిన మీరు ఈ వాక్యాన్ని అలాగే వదిలేశారు. పైగా ఒక చిత్రం కింద ‘బ్రిటిష్ సైన్యం దగ్ధం చేసిన నార్ఫోక్ పట్టణం’ అని వ్యాఖ్య రాశారు. అది తప్పు. ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు. దానికి 250 ఏళ్ళ వయసుంది కనుకనే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాయవలసి వస్తోంది.

నేను చరిత్ర పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత దివిసీమలో ఊరూరా తిరిగి నష్టం రాసిన సిబ్బందిలో నేనూ ఉన్నాను. పాక మొత్తం కొట్టుకుపోయినా నేలలో పాతిన రోలు మాత్రం కదలకుండా ఉండేది. ఆ రోటిని ఆనవాలు పట్టుకుని, ఇక్కడ ఫలానావారి ఇల్లు ఉండేదని చుట్టుపక్కలవాళ్ళు చెబితే పంచనామా రాసేవాళ్ళం. మా అమ్మాయి కుటుంబం కనెక్టికట్ రాష్ట్రంలో సముద్రతీరాన, ఫెయిర్‌ఫీల్డ్‌కు దగ్గరలో ఉంటోంది. అక్కడికి వెళ్ళి ఉన్న నెలల్లో పొద్దుపోక ఊరి గ్రంథాలయంలో కూర్చుంటే 1779లో ఆ తీరం కాలినప్పుడు ఇంటింటి నష్టం రాసిన జాబితాల సంగతి కనపడింది. ఇల్లు, కొట్టం, మంచాలు, పరుపులు, పాత్రలు, బట్టలు అంటూ పౌన్లు, షిల్లింగులు, పెన్నీల్లో కట్టిన లెక్కలవి. మా శాఖవాళ్ళు రాసినట్టే ఉన్నాయి. నాకు ఈ విషయం మీద ఆసక్తి అలా మొదలైంది.

1776 జూలై నాటికి, అంటే ఆ వాక్యం రాసేనాటికి, కాలిన ఊళ్ళేమిటో ముందు చూద్దాం. 1775 జూన్ 17న బంకర్ హిల్ యుద్ధం జరుగుతుండగా బోస్టన్‌కు ఎదురుగా ఉన్న చార్ల్స్‌టౌన్‌ను బ్రిటిష్ ఫిరంగులు తగలబెట్టాయి. ఆ అక్టోబరు 7న రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ రేవు మీద గుండ్లు కురిపించిన కెప్టెన్ జేమ్స్ వాలెస్ 200 గొర్రెలూ 30 పశువులూ ఇమ్మని అడిగి, చివరికి 40 గొర్రెలకు ఒప్పుకుని లంగరెత్తాడు. ఫిరంగులు గురిపెట్టి సంత బేరం చేసిన ఉదంతం ఇంతకన్నా ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

అసలు కథ ఫాల్మత్‌ది. ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్ అని పిలుస్తున్న ఊరది. ఉత్తర అమెరికా తీరంలోని బ్రిటిష్ నౌకాదళానికి అధిపతి అయిన వైస్ అడ్మిరల్ శామ్యూల్ గ్రేవ్స్ తిరుగుబాటు రేవులను కాల్చి నేలమట్టం చేయమంటూ కొన్ని ఊళ్ళ పేర్లతో సహా ఆదేశం ఇచ్చాడు. ఆ పని మీద బయలుదేరిన కెప్టెన్ హెన్రీ మోవాట్‌కు ఫాల్మత్‌తో పాత పరిచయం ఉంది. అంతకు ఐదు నెలల ముందు మే నెలలో అతను ఒడ్డున తిరుగుతుండగా స్థానిక దళం పట్టుకుంటే, ఊరి పెద్దలే నచ్చజెప్పి విడిపించారు. అదే మోవాట్ అక్టోబరు 17 సాయంత్రం ఒడ్డుకు ఉత్తరం పంపి, రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయమన్నాడు. పెద్దలు పడవలో వెళ్ళి బతిమాలితే, ఆయుధాలు అప్పగిస్తే మర్నాటి ఉదయం దాకా ఆగుతానన్నాడు. వాళ్ళు కొన్ని తుపాకులు మాత్రం అప్పగించి రాత్రికి రాత్రే ముసలివాళ్ళనూ పిల్లలనూ సామాన్లనూ బళ్ళకెక్కించారు. 18వ తేదీ ఉదయం 9.40కి మొదలైన కాల్పులు సాయంత్రం ఆరింటి దాకా సాగాయి. గుండ్లు అంటించలేని చోట్లకు నావికులు దిగి స్వయంగా నిప్పు పెట్టారు. 400కు పైగా కట్టడాలు పోయాయి. ఉత్తరాది చలికాలం నెత్తిమీదికి వస్తుండగా ఊరి జనానికి నిలువ నీడ లేకుండా పోయింది. లొంగదీయడానికి చేసిన పని తెగింపును పెంచింది. తర్వాత కొద్ది వారాలకే మసాచుసెట్స్ సభ శత్రు నౌకలను పట్టుకోవడానికి ప్రైవేటు ఓడలకు అనుమతి పత్రాలు ఇచ్చే చట్టం చేసింది. గ్రేవ్స్ స్థానంలో మరొకరు వచ్చారు.

ఇక నార్ఫోక్. వర్జీనియాలో అన్నిటికన్నా పెద్ద రేవు అది. గవర్నరు లార్డ్ డన్మోర్ 1775 నవంబరు 7న, తిరుగుబాటుదారుల బానిసలు తన పక్షాన చేరి ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించి తోటల యజమానులకు కంటిమీద కునుకు లేకుండా చేశాడు. డిసెంబరులో గ్రేట్ బ్రిడ్జి దగ్గర ఓడిపోయి ఓడలెక్కాడు. 1776 జనవరి 1 మధ్యాహ్నం అతని ఓడలు ఊరి మీద గుండ్లు పేల్చాయి. రేవు వెంట ఉన్న కొన్ని గోదాములకు అతని మనుషులు నిప్పు పెట్టారు. ఇంతవరకూ మీ వ్యాఖ్య నిజమే. ఆ తర్వాత మూడు రోజుల పాటు, ఇది రాజభక్తుల ఊరన్న కక్షతో, ఇళ్ళు దోచి వరసగా అంటించినవాళ్ళు తిరుగుబాటు పక్షపు సైనికులే. మిగిలిన కొద్దిపాటి ఊరిని శత్రువుకు ఆశ్రయం దొరకకూడదని ఫిబ్రవరిలో వర్జీనియా సభ ఆజ్ఞతోనే నేలమట్టం చేశారు. 1777లో వర్జీనియా ప్రభుత్వం తానే వేసిన విచారణ సంఘం ఇంటింటి లెక్క తీస్తే, నాశనమైన 1,300కు పైగా కట్టడాల్లో డన్మోర్ ఖాతాలో పడినవి వందలోపే అని తేలింది. ఆ నివేదికను తొక్కిపెట్టారు. అది 1836 దాకా అచ్చు కాలేదు. అప్పటికి ప్రకటన మీద సంతకం చేసిన ఒక్కరు కూడా బతికి లేరు.

అంటే 1776లో ‘మా పట్టణాలను తగలబెట్టాడు’ అని రాసినప్పుడు లోకం తలచుకున్న పట్టణాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని తగలబెట్టింది ప్రధానంగా రాజు మనుషులు కారు. నార్ఫోక్‌లో సెయింట్ పాల్ చర్చి గోడలో ఇప్పటికీ ఒక ఫిరంగి గుండు ఉంది. దాని కింద డన్మోర్ పేరూ తేదీ చెక్కారు. గుండు డన్మోర్‌దే, అందులో అబద్ధం లేదు. ఆ చర్చి చుట్టూ ఉన్న ఊరిని అంటించినవాళ్ళ పేరు ఏ గోడ మీదా లేదు. నష్టం రాసే పనిలో ఉన్నవాడికి ఇది బాగా తెలిసిన వ్యవహారం. ఏ పద్దు ఎవరి పేరున రాస్తామన్న దాని మీద మొత్తం లెక్క తిరగబడుతుంది.

విచిత్రం ఏమిటంటే ఆ అభియోగం రాసిన తర్వాతే తీరం మీద అసలైన దహనకాండ మొదలైంది. 1776 ఆగస్టు, సెప్టెంబరుల్లో బ్రిటిష్ వారు న్యూయార్క్ నగరాన్నీ దానిని ఆనుకున్న లాంగ్ ఐలండ్‌నూ పట్టుకుని యుద్ధం ముగిసేదాకా వదల్లేదు. లాంగ్ ఐలండ్‌కూ కనెక్టికట్‌కూ మధ్య ఉన్న జలసంధి అతి వెడల్పైన చోట కూడా ఇరవై మైళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. చీకటి పడ్డాక పడవ వేస్తే తెల్లారేలోపు పని ముగించుకుని రావచ్చు. తిమింగలాల వేటకు వాడే సన్నని, తేలికైన పడవల్లో రెండు పక్షాలవాళ్ళూ అటూ ఇటూ దాటి పశువులనూ మనుషులనూ ఎత్తుకుపోయేవారు. 1779 మే మొదట్లో ఒక రాత్రి ఫెయిర్‌ఫీల్డ్‌లో జనరల్ గోల్డ్ సెలెక్ సిల్లిమన్‌ను ఇంట్లో నిద్రపోతుండగా అలాగే పట్టుకుపోయారు. మారకానికి తగిన హోదా గల బందీ తమ దగ్గర లేకపోవడంతో, కనెక్టికట్ వాళ్ళు ఆ నవంబరులో లాంగ్ ఐలండ్‌కు వెళ్ళి రాజభక్తుడైన న్యాయమూర్తి థామస్ జోన్స్‌ను తెచ్చుకున్నారు. 1780లో ఇద్దరినీ మార్చుకున్నారు. భర్త బందీగా ఉండగా నిండు చూలాలైన మేరీ సిల్లిమన్ ఆ జూలైలో ఊరు కాలుతున్న రోజున ఇల్లు వదిలి వెళ్ళింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 8న, ఆమెకు మగపిల్లవాడు పుట్టాడు. ఆ పిల్లవాడే తర్వాత యేల్ కళాశాలలో మొదటి రసాయన శాస్త్ర ఆచార్యుడైన బెంజమిన్ సిల్లిమన్.

1777 ఏప్రిల్ చివర్లో రాజు తరఫున న్యూయార్క్ గవర్నరుగా ఉన్న విలియం ట్రయాన్ కనెక్టికట్‌లో దిగి, తీరానికి దూరంగా ఉన్న డాన్‌బరీ దాకా నడిచి అక్కడి సైనిక గోదాములను కాల్చాడు. 1778 సెప్టెంబరులో బ్రిటిష్ జనరల్ ఛార్ల్స్ గ్రే మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ రేవును, అందులోని ఓడలను తగలబెట్టి, మార్తాస్ వైన్‌యార్డ్ దీవి నుంచి సుమారు 10,000 గొర్రెలనూ 300 పశువులనూ తోలుకుపోయాడు. వీటిలో సైనిక ప్రయోజనం కొంత ఉంది. గోదాములు, ఓడలు, మాంసం యుద్ధానికి పనికొచ్చే సరుకులే. 1779 జూలై నాటి వ్యవహారం వేరు.

ఆ వేసవిలో బ్రిటిష్ సేనాధిపతి జనరల్ హెన్రీ క్లింటన్‌కు ఉన్న ఇబ్బంది ఒక్కటే. హడ్సన్ నది కొండల్లో గట్టిగా కూర్చున్న వాషింగ్టన్ కిందికి దిగి మైదానంలో పోరాడడం లేదు. తీరంలో నిప్పు పెడితే కనెక్టికట్ జనం గగ్గోలు పెడతారు, వాషింగ్టన్ కదలక తప్పదు అన్నది ఊహ. సర్ జార్జి కొలియర్ నౌకల మీద దాదాపు 2,600 మంది సైనికులతో ట్రయాన్ జూలై 3న న్యూయార్క్ వదిలాడు. ఇద్దరి సంతకాలతో జూలై 4 తేదీ వేసిన ఒక ప్రకటన వాళ్ళ వెంట ఉంది. మీ నిస్సహాయమైన తీరం మీద ఇంకా ఒక్క ఇల్లైనా నిలిచి ఉండడమే మీ కృతఘ్నతకు నిత్యం ఎత్తిపొడుపుగా తోచాలి అన్నది దాని సారాంశం. ఇన్నాళ్ళూ కాల్చకపోవడాన్ని ఉపకారంగా లెక్కగట్టిన వాదన ఇది. మా రోజుల్లో కొందరు షావుకార్లు ఇలాగే మాట్లాడేవారు.

జూలై 4 ఆదివారం కావడంతో న్యూ హేవెన్ ఊరు స్వాతంత్ర్య దినం వేడుకను సోమవారానికి పెట్టుకుంది. సోమవారం తెల్లవారేసరికి ఓడలు కనిపించాయి. యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ గోపురం ఎక్కి దూరదర్శినితో చూసి, కళాశాల కాగితాలను ఊరు దాటించాడు. విద్యార్థులు తుపాకులు పట్టుకుని వంతెన వైపు వెళ్ళారు. అంతకుముందు అదే కళాశాలకు అధ్యక్షత వహించిన మతాచార్యుడు నఫ్తాలి డాగెట్, యాభై దాటిన మనిషి, పిట్టల తుపాకీతో గుర్రమెక్కి వెళ్ళి ఒంటరిగా కాలుస్తూ పట్టుబడ్డాడు. రాజు సైన్యం మీద కాలుస్తావా ముసలి మూర్ఖుడా అని అధికారి గద్దిస్తే, యుద్ధంలో నాకున్న హక్కును వాడుకుంటున్నాను అన్నాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. బాయినెట్లతో పొడుస్తూ, కొడుతూ ఎండలో ఊరిదాకా నడిపించారు. ఆ వైనాన్ని ఆయనే స్వయంగా రాసి ఇచ్చాడు. మరుసటి సంవత్సరం నవంబరులో చనిపోయాడు.

ఇక్కడ మనవాళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ కళాశాలకు పేరు ఇచ్చిన ఎలిహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరు. మచిలీపట్నంలోని కంపెనీ కొఠీ ఆ కోటకు లోబడినదే. మద్రాసులో గడించిన సొమ్ముతో ఇంగ్లండు చేరాక, 1718లో ఆయన పంపిన తొమ్మిది మూటల సరుకును అమ్మి కళాశాల కట్టడానికి వాడుకున్నారు. కంపెనీ దొర సొమ్ముతో లేచిన కళాశాల పిల్లలు అరవై ఏళ్ళ తర్వాత అదే రాజ్యం మీద తుపాకీ ఎత్తారు.

న్యూ హేవెన్‌ను దోచారు, రేవులోని గోదాములను కాల్చారు, ఊరిని మాత్రం వదిలేశారు. ట్రయాన్ వెంట ఉన్న రాజభక్త దళం నాయకుడు ఎడ్మండ్ ఫానింగ్ యేల్‌లో చదువుకున్నవాడు. ఊరు దక్కడం తన చలవేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. కళాశాల 1803లో ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది.

ఫెయిర్‌ఫీల్డ్‌కు అలాంటి పాత విద్యార్థి ఎవరూ దొరకలేదు. జూలై 7న సైన్యం దిగింది. ప్రకటన కాగితంతో ట్రయాన్ దూతను పంపితే, స్థానిక దళం నాయకుడు కర్నల్ శామ్యూల్ వైటింగ్ ఒప్పుకోలేదు. ఆయన ఇచ్చిన సమాధానంలో ఒక పోటు ఉంది. మీ తెల్లజెండాకు మా జవాబు చేరకముందే మీ మంటలు లేచాయి అన్నాడు. ఆ రాత్రీ మర్నాడూ కలిపి ఇళ్ళు, కొట్టాలు, దుకాణాలు, పాఠశాలలు, న్యాయస్థానం, జైలు, చర్చిలు మొత్తం రెండు వందలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆంగ్లికన్ పూజారి జాన్ సేయర్ రాజభక్తుడు. ఊరిని కాల్చవద్దని ట్రయాన్‌ను వేడుకున్నాడు. ఆయన చర్చి కూడా కాలింది. ఆయన చివరికి ఆ ఓడల్లోనే వెళ్ళిపోయాడు. మతాచార్యుడు ఆండ్రూ ఎలియట్ ఇంటిని ముట్టుకోబోమని మాట ఇచ్చి కూడా, వెళ్ళేటప్పుడు వెనకబడిన దళం పుస్తకాలతో సహా అంటించింది. నాలుగేళ్ళ కింద బోస్టన్ నాయకుడు జాన్ హాన్‌కాక్ పెళ్ళి జరిగిన ఇల్లు, థాడియస్ బర్ అనే ఆయనది, అదీ మిగల్లేదు. ఊరి పక్కనే గ్రోవర్ కొండ మీద ఇరవై పైచిలుకు మంది ఉన్న చిన్న కోట మాత్రం రాత్రంతా గుండ్లు తింటూ లొంగలేదు.

11వ తేదీ ఆదివారం నార్వాక్ వంతు. 130 ఇళ్ళు, వాటి కొట్టాలు, గోదాములు, మరలు, రెండు చర్చిలు పోయాయి. గ్రమ్మన్ కొండ మీద కుర్చీ వేయించుకుని ట్రయాన్ మంటలు చూశాడని ఊరి పుక్కిటి పురాణం. కుర్చీ సంగతి ఎలా ఉన్నా, అతను క్లింటన్‌కు రాసిన నివేదిక ఉంది. తిరుగుబాటుదారులు తమ ఆస్తులకు నష్టం రాకుండా యుద్ధాన్ని సాగదీసి రాజ్యపు ఖజానాను ఖాళీ చేయాలని చూస్తున్నారనీ, ఆ ఆస్తులకే నిప్పు తగిలితే ఆ భరోసా పోతుందనీ అతని తర్కం. ఈ ఊళ్ళను కాల్చడం దేశభక్తికీ, రాజు పట్ల విధికీ, యుద్ధ నీతికీ సరిపోయినంతగా మానవత్వానికి సరిపోలేదని ఎవరైనా అనుకుంటే తనకు చాలా బాధ కలుగుతుందని కూడా రాశాడు. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. నిప్పు పెట్టినవాడికి తన పేరు ఎలా నిలుస్తుందోనన్న దిగులు అందులో స్పష్టంగా కనపడుతుంది.

పథకం ఫలించిందా అంటే లేదు. వాషింగ్టన్ ప్రధాన సైన్యాన్ని కదల్చలేదు. ట్రయాన్ తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, జూలై 15 రాత్రి దాటాక, ఆంటొనీ వేన్ దళాలు హడ్సన్ ఒడ్డున బ్రిటిష్ వారి చేతిలో ఉన్న స్టోనీ పాయింట్ కోటను బాయినెట్లతోనే పట్టుకున్నాయి. దహనాలు క్లింటన్‌కే రుచించలేదు. ట్రయాన్ 1780లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ చెప్పి ఆపితే మీ అనుబంధం చేసిన పనే నేనూ చేసినవాణ్ణవుతాను. అదే వేసవిలో వాషింగ్టన్ ఆదేశం మీద జనరల్ జాన్ సలివన్ సైన్యం న్యూయార్క్ లోపలి ప్రాంతాల్లో ఇరొక్వా అనే ఆదివాసీ తెగల నలభైకి పైగా ఊళ్ళను, వాళ్ళ మొక్కజొన్న పంటను, పండ్ల తోటలను వరసగా తగలబెట్టింది. ఆ తెగలవాళ్ళు వాషింగ్టన్‌ను పిలిచే పేరుకు ‘ఊళ్ళు నాశనం చేసేవాడు’ అని అర్థం. ఆ పేరు వింటే ఈనాటికీ మా ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసి పాలిపోతారని, పిల్లలు తల్లి మెడను కరుచుకుంటారని ఆ తెగల్లో ఒకటైన సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ 1790లో ఆయనకే విన్నవించాడు. ఫెయిర్‌ఫీల్డ్ విషయానికే వస్తే, దాడికి రెండు నెలల ముందు మే నెలలో ఆ ఊరికీ స్ట్రాట్‌ఫర్డ్‌కూ చెందిన నీగ్రో బానిసల తరఫున ప్రైమ్, ప్రిన్స్ అనే ఇద్దరు కనెక్టికట్ సభకు విడుదల కోరుతూ అర్జీ పెట్టుకున్నారు. సభ ఒప్పుకోలేదు. జూన్ 30న క్లింటన్, తిరుగుబాటుదారుల బానిసలు తన సరిహద్దు దాటి వస్తే భద్రత ఇస్తానని ఫిలిప్స్‌బర్గ్‌లో ప్రకటించాడు. ఓడలు వచ్చినది ఆ తర్వాత వారానికే. ఆ పొగను ఊరి నడిబొడ్డున ఉన్న అందరూ ఒకే కళ్ళతో చూసి ఉండరు.

చివరి పెద్ద దాడి 1781 సెప్టెంబరు 6న న్యూ లండన్ మీద జరిగింది. నడిపించినవాడు అమెరికా సైన్యం నుంచి బ్రిటిష్ పక్షానికి ఫిరాయించిన బెనడిక్ట్ ఆర్నల్డ్. అతను పుట్టిన నార్విచ్ ఆ నదికి కొద్ది మైళ్ళ ఎగువనే ఉంది. కోటలో రెండు గుండ్లు పేలితే ప్రమాదం, మూడు పేలితే పట్టుబడిన ఓడ వచ్చిన సంబరం అన్న ఊరి గుర్తు బ్రిటిష్ వారికి తెలుసు. రెండు పేలగానే తాము మూడోది పేల్చి, సాయానికి రావలసిన చుట్టుపక్కల జనాన్ని తికమక పెట్టారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. 140కి పైగా కట్టడాలు కాలాయి. నది అవతల గ్రాటన్‌లో గ్రిస్‌వల్డ్ కోటను కాపాడినవారిలో 80 మందికి పైగా చనిపోయారు. నాయకుడు విలియం లెడ్యర్డ్ లొంగిపోతూ కత్తి అందించగా అదే కత్తితో పొడిచారని అక్కడి వాడుక. చనిపోయినవారిలో జోర్డన్ ఫ్రీమన్, లాంబర్ట్ లేథమ్ అనే నల్లవారు ఇద్దరున్నారు. ఈ దాడి కూడా వాషింగ్టన్‌ను దారి మళ్ళించలేదు. ఆరు వారాలకే యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ సైన్యం ఆయుధాలు దించింది. ఆ కార్న్‌వాలిస్ 1786లో మన దేశానికి గవర్నరు జనరలై, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతి పెట్టాడు. అదే పద్ధతి 1802 నాటి 25వ రెగ్యులేషన్ రూపంలో ఉత్తర సర్కారులకు వచ్చింది. జమీందారీ రికార్డులు తిరగేసిన మా తరం ఉద్యోగులకు ఆ పేరు బాగా పరిచయం.

నేను ముఖ్యంగా రాయదలచినది పరిహారం సంగతి. దాడులు ముగిసిన వెంటనే కనెక్టికట్ సభ ఊరూరికీ మనుషులను పంపి నష్టం రాయించింది. కొందరికి కొన్నాళ్ళు పన్నులు తగ్గించింది. ఖజానాలో డబ్బు లేదు. పదేళ్ళు గడిచాయి. 1789 అక్టోబరు 16న అధ్యక్షుడి హోదాలో ఆ దారిన వెళ్ళిన వాషింగ్టన్ తన దినచర్యలో నార్వాక్‌లోనూ ఫెయిర్‌ఫీల్డ్‌లోనూ కాలిపోయిన చాలా ఇళ్ళ పొగగొట్టాలు ఇంకా నిలబడే ఉన్నాయని రాసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు దివిసీమ రోళ్ళు గుర్తొచ్చాయి. మాకు పరిహారం పంచడానికి పట్టిన వ్యవధిని ఎంత తిట్టుకున్నామో కూడా గుర్తొచ్చింది. వీళ్ళది మరీ అన్యాయం.

బాధితులు మళ్ళీ మళ్ళీ అర్జీలు పెట్టుకోగా 1792 మేలో సభ 5,00,000 ఎకరాల భూమి మంజూరు చేసింది. తొమ్మిది ఊళ్ళకు చెందిన 1,800 మందికి పైగా పేర్లు, మొత్తం నష్టం 1,61,548 పౌన్ల 11 షిల్లింగుల ఆరున్నర పెన్నీలు. ఆ అర పెన్నీని కూడా వదలకుండా రాసిన గుమాస్తాకు నా దణ్ణం. అయితే భూమి ఎక్కడిచ్చారు? వందల మైళ్ళ పడమట, ఈరీ సరస్సు కింద, ఇప్పటి ఒహాయో రాష్ట్రంలో. దానికి ‘అగ్ని భూములు’ అనీ ‘బాధితుల భూములు’ అనీ పేరొచ్చింది. పట్టా చేతికొచ్చింది కానీ స్వాధీనం లేదు, ఎందుకంటే ఆ నేల మీద వయాండాట్, ఒట్టావా తదితర తెగల జనం ఉన్నారు. ఫోర్ట్ ఇండస్ట్రీ ఒప్పందంతో వాళ్ళ హక్కు తీసేసేసరికి 1805 వచ్చింది. ఒప్పందం మీద తేదీ జూలై 4. తర్వాత సర్వే చేసి, 1808లో చీట్లు తీసి పంచుకున్నారు. అప్పటికి ఇళ్ళు కాలి ముప్ఫై ఏళ్ళు. నష్టపోయినవాళ్ళు చాలామంది చనిపోయారు, ఇంకా చాలామంది తమ వాటాను వచ్చిన ధరకు భూముల వ్యాపారులకు ఎప్పుడో అమ్ముకున్నారు. ఆ ప్రాంతంలో నార్వాక్, న్యూ లండన్, డాన్‌బరీ అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. తీరంలో కాలిన ఊళ్ళ పేర్లు సరస్సు కింద మళ్ళీ మొలిచాయి. అక్కడ అంతకుముందు ఉన్న ఊళ్ళ పేర్లు ఏ నష్ట జాబితాలోనూ ఎక్కలేదు.

మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో ప్రతి జూలైలో బాణసంచా కాల్చేది తీరం మీదే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలతో దుప్పట్లు పరుచుకుని కూర్చుని చూస్తాయి. ఆ పిల్లల్లో ఒకరైనా వచ్చే ఏడు మీ పత్రికను అంతర్జాలంలో చదివితే, వాళ్ళు కూర్చున్న ఇసుక దగ్గరే ట్రయాన్ సైన్యం దిగిందని తెలియాలని నా కోరిక.

మీరు చేయవలసినవి రెండు. నార్ఫోక్ చిత్రం కింద వ్యాఖ్యను సవరించి, ఆ ఊరిలో అధిక భాగాన్ని కాల్చింది వర్జీనియా సైనికులేనని, 1777 విచారణ ఆ సంగతి తేల్చిందని ప్రచురించండి. అనుబంధాన్ని పుస్తకంగా తెస్తున్నట్టు చివరి పేజీలో ప్రకటించారు కనుక, అందులో స్వాతంత్ర్య ప్రకటన పాఠం కింద ఆ ఒక్క వాక్యానికి ఊళ్ళ పేర్లు, తేదీలు, కాల్చినవారెవరన్న వివరంతో ఒక అధోజ్ఞాపిక చేర్చండి. అర పేజీ చాలు. అవసరమైతే నేను రాసుకున్న జాబితా నకలు పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
అవనిగడ్డ, కృష్ణా జిల్లా